పుట్టింటి పేరు, మెట్టినింటి సొమ్ము

మద్రాసు కోట కథలు – 9

గత భాగాన్ని 1774 నవంబరులో, లండన్‌లో రాబర్ట్ క్లైవ్ మరణంతో ముగించాం. ప్లాసీ యుద్ధం తర్వాత బెంగాల్ నవాబు మీర్ జాఫర్ ఖజానా నుంచి అతనికి ముట్టినది 2,34,000 పౌండ్లు. దానిమీద ఏటా 27,000 పౌండ్ల జాగీరు రాబడి. ఆ సొమ్మంతా పెద్దకొడుకు ఎడ్వర్డ్ చేతికి వచ్చేనాటికి అతని వయసు ఇరవై. భూములున్నాయి, భవనాలున్నాయి, ఓట్లు కొనగలిగే స్తోమత ఉంది. కొరవడినదల్లా వంశప్రతిష్ఠ. తండ్రికి దక్కిన బ్యారన్ బిరుదు ఐర్లండుకు చెందినది, దానితో ఇంగ్లండు ప్రభువుల సభలో కూర్చునే హక్కు రాదు. పాత కులీన కుటుంబాల దృష్టిలో క్లైవులు నిన్నమొన్న బెంగాల్లో డబ్బు చేసుకొచ్చిన కొత్త సంపన్నులు.

ఆ లోటు తీర్చింది ఒక పెళ్లి. ఈ భాగం ఆ పెళ్లికూతురి కథ. ఆమె పేరు హెన్రియెట్టా ఆంటోనియా హెర్బర్ట్. కడప, బళ్లారి, నెల్లూరు, చిత్తూరు సీమలు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లిన రోజుల్లో మద్రాసు గవర్నరు భార్య. గవర్నర్ల జాబితాలు ఆమె భర్తను గుర్తుపెట్టుకున్నాయి. రెండు గొప్ప కుటుంబాల ఆస్తులు, బిరుదులు ఎవరి మీదుగా చేతులు మారాయో ఆ మనిషిని మాత్రం చరిత్ర చాలాకాలం పట్టించుకోలేదు.

అమ్ముడుపోయిన పుట్టిల్లు

హెన్రియెట్టా 1758 సెప్టెంబరులో ష్రాప్‌షైర్‌లో, లడ్లో పట్టణం దగ్గరి ఓక్లీ పార్క్ భవనంలో పుట్టింది. తండ్రి హెన్రీ ఆర్థర్ హెర్బర్ట్, పోయిస్ ఎర్ల్. తల్లి బార్బరా. వీరి పెళ్లి వెనక కూడా ఆస్తి లెక్కే ఉంది.

వేల్స్ సరిహద్దులో వెల్ష్‌పూల్ ఊరి పక్కన కొండమీద ఎర్ర ఇసుకరాతితో కట్టిన పోయిస్ కోట ఉంది. దాని యజమాని, మూడవ పోయిస్ మార్క్విస్, 1748లో పెళ్లి లేకుండానే చనిపోయాడు. అతని తమ్ముడి కూతురు బార్బరా. ఆమెది దగ్గరి రక్తసంబంధం. అయినా మార్క్విస్ తన ఎస్టేటును దూరపు బంధువైన హెన్రీ ఆర్థర్‌కు రాసి వెళ్లాడు. అదే ఏడాది పోయిస్ ఎర్ల్ బిరుదును కూడా ప్రభుత్వం కొత్తగా సృష్టించి అతనికే ఇచ్చింది. మూడేళ్లు తిరగకుండా, 1751లో, అతను బార్బరాను పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు పదహారు నిండలేదు, అతనికి యాభై దగ్గరపడుతున్నాయి. ఆస్తి ఒక చోట, రక్తం ఒక చోట ఉంటే రేపెవరైనా కోర్టుకెక్కవచ్చు. రెంటినీ కలిపేస్తే ఆ బెంగ ఉండదు. బార్బరా పెళ్లి చేసిన పని అది.

తీరా చూస్తే ఆ ఎస్టేటు అప్పుల్లో మునిగి ఉంది. అప్పులు తీర్చడానికి 1771లో ఎర్ల్ ఓక్లీ పార్క్‌ను అమ్మేశాడు. కొన్నవాడు రాబర్ట్ క్లైవ్. పన్నెండేళ్ల హెన్రియెట్టా పుట్టిన ఇల్లు వదిలి కుటుంబంతో పోయిస్ కోటకు చేరింది. మరుసటి ఏడాదే తండ్రి పోయాడు. బిరుదు, ఎస్టేటు ఆమె అన్న జార్జికి వచ్చాయి. జార్జి చేతికి ఎముక లేదు. కోట మరమ్మతులకు నోచుకోలేదు, అప్పులు మాత్రం పెరుగుతూ పోయాయి.

1770ల చివర్లో ఆనాటి మేటి చిత్రకారుడు జాషువా రెనాల్డ్స్ హెన్రియెట్టా చిత్రం గీశాడు. ఎంత అప్పుల్లో ఉన్నా ఎర్ల్ గారి చెల్లెలు ఎర్ల్ గారి చెల్లెలే.

పెళ్లి

1784 మే నెలలో ఎడ్వర్డ్ క్లైవ్‌తో ఆమె పెళ్లి జరిగింది. ఆమెకు ఇరవై ఐదు, అతనికి ముప్పై. పక్కపక్క ఎస్టేట్ల వాళ్లు, రాజకీయాల్లో ఒకే జిల్లాను పంచుకున్నవాళ్లు. ఎడ్వర్డ్ 1774 నుంచీ లడ్లో తరఫున కామన్స్ సభ సభ్యుడు. హెర్బర్ట్ కుటుంబానికి శతాబ్దాల పేరుంది, డబ్బు లేదు. క్లైవ్ కుటుంబానికి డబ్బుంది, పేరు లేదు. పదేళ్ల తర్వాత, 1794లో, ఎడ్వర్డ్‌కు వాల్కాట్ బ్యారన్‌గా అసలైన బ్రిటిష్ బిరుదు దక్కింది. ప్రభువుల సభ తలుపు తెరుచుకుంది.

ఆనాటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి విడిగా అస్తిత్వమే లేదు. ముందుగా ఒప్పందం రాసుకుని ధర్మకర్తల చేతిలో పెట్టుకుంటే తప్ప, ఆమె తెచ్చుకున్న చరాస్తి భర్తది, భూమి మీద పెత్తనం భర్తది. ఈ పరిస్థితి మారడానికి 1870, 1882 నాటి చట్టాలు రావలసి వచ్చింది. బిరుదుల సంగతి ఇంకా కఠినం. ఎర్ల్ వంటి బిరుదులు మామూలుగా మగ సంతతికే. కూతురు కోటలో పుట్టి పెరగవచ్చు, బిరుదుకు వారసురాలు కాలేదు.

నలుగురు పిల్లలు పుట్టారు: 1785లో ఎడ్వర్డ్, 1786లో తల్లి పేరే పెట్టుకున్న హెన్రియెట్టా, 1787లో షార్లెట్ ఫ్లోరెన్షియా, 1789లో రాబర్ట్ హెన్రీ.

మద్రాసు

ఎడ్వర్డ్‌ను మద్రాసు గవర్నరుగా నియమించినప్పుడు కుటుంబం రెండుగా చీలింది. మగపిల్లలిద్దరినీ చదువు కోసం ఇంగ్లండులో వదిలారు. ఆడపిల్లలను వెంట తీసుకెళ్లారు. వారికి బొమ్మలు గీయడం నేర్పడానికి అన్నా టొనెల్లీ అనే ఇటలీ చిత్రకారిణి తోడు వెళ్లింది. 1798 ఆగస్టులో వారి ఓడ మద్రాసు తీరం చేరింది. అప్పటికి పెద్దకొడుక్కి పదమూడేళ్లు, చిన్నవాడికి తొమ్మిది. ఒక ఉత్తరం ఇంగ్లండు చేరడానికి ఐదారు నెలలు, జవాబు రావడానికి మళ్లీ అంత. కొడుక్కి జ్వరం వచ్చిందని తల్లికి తెలిసేసరికి ఆ జ్వరం సంగతి ఏదో ఒకటి తేలిపోయి ఏడాది కావస్తుంది. దొరసానుల జీవితాన్ని పట్టుపరుపుల్లో మాత్రమే ఊహించేవారు ఈ దూరాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఎడ్వర్డ్ నెమ్మదస్తుడు. పేరుకు గవర్నరు, నడిపించింది కలకత్తాలోని గవర్నర్ జనరల్ వెల్లెస్లీ. మైసూరు మీద చివరి యుద్ధం దగ్గరుండి జరిపించడానికి వెల్లెస్లీ స్వయంగా మద్రాసుకే వచ్చి మకాం పెట్టాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు సుల్తాన్ కోటలోనే పోరాడుతూ చనిపోయాడు.

ఆ తర్వాతి రెండు మూడేళ్లలో మన ప్రాంతపు పటం మారిపోయింది. 1800 అక్టోబరు ఒప్పందంతో నిజాం తన మైసూరు వాటాతో పాటు బళ్లారి, కడప, అనంతపురం సీమలను కంపెనీకి వదులుకున్నాడు. దత్తమండలాలని మనం పిలుచుకున్నవి ఇవే. 1801 జులైలో ఆర్కాటు నవాబు పాలన కంపెనీ చేతికి వెళ్లింది. దానితో నెల్లూరు, చిత్తూరు ప్రాంతాలూ వెళ్లాయి. 1802లో ఉత్తర సర్కారుల్లో శాశ్వత శిస్తు ఏర్పాటు మొదలై, జమీందారుల కాలం స్థిరపడింది. ఇవన్నీ ఎడ్వర్డ్ క్లైవ్ గవర్నరుగిరీలో జరిగినవే. ప్లాసీ విజయాన్నీ, శ్రీరంగపట్నం విజయాన్నీ చాటుకోవడానికి మద్రాసులో అతను కట్టించిన విందు మందిరమే నేటి రాజాజీ హాలు.

ఈ కాగితాల్లో ఎక్కడా హెన్రియెట్టా సంతకం ఉండదు. ఆమె చేసిన పని వేరు. ఒక మున్షీని పెట్టుకుని కూతుళ్లతో కలిసి పార్శీ భాష నేర్చుకుంది. తోట పెంచింది. మొక్కలు, గవ్వలు, రాళ్లు సేకరించింది. అన్న జార్జికి పొడుగాటి ఉత్తరాలు రాసింది.

వెయ్యి మైళ్ల ప్రయాణం

1800 మార్చిలో ఆమె మద్రాసు నుంచి బయలుదేరింది. భర్త రాజధానిలోనే ఉండిపోయాడు. ఆమెకు నలభై ఒకటి, కూతుళ్లకు పదమూడు, పన్నెండు. అన్నా టొనెల్లీ వెంట ఉంది. మిగిలినవారంతా సిపాయిలు, బోయీలు, మావటీలు, బండ్లవాళ్లు, వంటవాళ్లు, డేరాలు వేసేవాళ్లు. వందలాది మంది. ఏనుగులు, ఒంటెలు, ఎడ్లబండ్లు. ఒక ఊరి శివారులో ఈ బలగం దిగిందంటే ఆ రాత్రికి అక్కడ ఇంకో ఊరు వెలిసినట్టే. ఆ పల్లకీల బరువు మోసిన భుజాల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

వెల్లూరు మీదుగా ఘాట్లెక్కి బెంగుళూరు, అక్కడినుంచి శ్రీరంగపట్నం, మైసూరు, కోయంబత్తూరు, తిరుచిరాపల్లి, తంజావూరు. ఆపైన తీరం వెంట డేనుల తరంగంబాడి, పుదుచ్చేరి. అక్టోబరులో తిరిగి మద్రాసు. ఏడు నెలలు, వెయ్యి మైళ్లకు పైగా. భర్త తోడు లేకుండా ఒక ఇంగ్లీషు కులీన స్త్రీ దక్షిణ భారతంలో ఇంత దూరం తిరగడం అప్పటికి వినని సంగతి.

ఆ ఏడాది మైసూరు దారుల్లో రద్దీ మామూలుగా లేదు. వెల్లెస్లీ ఆదేశంతో ఫ్రాన్సిస్ బుకానన్ ఏప్రిల్లో మద్రాసు నుంచి బయలుదేరి పంటలు, నేలలు, వృత్తులు పరిశీలిస్తూ పోయాడు. కాలిన్ మెకంజీ మైసూరు సర్వే నడుపుతున్నాడు. ఆ పనిలో అతనికి కుడిభుజం ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. టిప్పు తోటను, అంటే నేటి లాల్‌బాగ్‌ను, చూసుకునే బాధ్యత బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్తకు అప్పగించారు. హైన్ అంతకుముందు మన సామర్లకోటలో కంపెనీ తోటలో పనిచేసినవాడు. జయించిన నేలను కొలిచి, లెక్కగట్టి, పటంలో బంధించే పని అది. బుకానన్ రాసినది 1807లో మూడు సంపుటాలుగా అచ్చయింది. మెకంజీ సేకరించినవి ప్రభుత్వ భాండాగారాలకు చేరాయి.

అదే దారుల్లో తిరిగిన తల్లీకూతుళ్ల రాతలు ఇంట్లోనే ఉండిపోయాయి. తల్లి దినచర్య రాసింది, ఉత్తరాలు రాసింది. పన్నెండేళ్ల షార్లెట్ తన వంతు దినచర్య రాసింది. టొనెల్లీ నీటిరంగుల్లో బొమ్మలు గీసింది. సింహాసనం మీద టిప్పు కూర్చున్నట్టు ఆమె ఊహించి వేసిన చిత్రం కూడా ఈ ప్రయాణం నాటిదే. శ్రీరంగపట్నంలో వారు టిప్పు అంతఃపుర స్త్రీలను కూడా కలిశారు. బుకానన్ కానీ మెకంజీ కానీ ఎంత పెద్ద అధికారపత్రం చూపినా ఆ జనానా గడప దాటలేరు. ఆడవాళ్లు కాబట్టి వీళ్లు దాటారు. రాజ్యం పోయిన ఇంటి ఆడవాళ్లూ, ఆ రాజ్యాన్ని పడగొట్టినవారి ఇంటి ఆడవాళ్లూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్న సందర్భం అది. యుద్ధం ముగిసి అప్పటికి ఏడాదే దాటింది.

పోయిస్ కోటలో టిప్పు డేరా

శ్రీరంగపట్నం కోట కూలిన రాత్రి నుంచే దోపిడీ మొదలైంది. తర్వాత సైన్యం కమిటీ వేసుకుని మిగిలినదాన్ని పంచుకుంది. టిప్పు సింహాసనాన్ని ముక్కలు చేసి పంచారు. ఆ సింహాసనం అంచున వరసగా అమర్చిన చిన్న పులితలల్లో ఒకదాన్ని వెల్లెస్లీ లేడీ క్లైవ్‌కు, అంటే హెన్రియెట్టాకు, కానుకగా ఇచ్చాడు. బంగారంతో చేసిన తల, దానిలో పొదిగిన మాణిక్యాలు, వజ్రాలు, పచ్చలు. గుప్పిట్లో పట్టేంత వస్తువు. ఇప్పటికీ పోయిస్ కోటలో ఉంది.

దాని పక్కనే టిప్పు డేరా. దగ్గరికెళ్లి చూస్తే అది నూలుబట్ట. తెల్లని నేల మీద కమాను ఆకారపు చట్రాలు వరసగా సాగుతాయి. ఒక్కో చట్రంలో ఒక పూలకుండీ, అందులోంచి కుడిఎడమలకు సమంగా విచ్చుకున్న ఎర్రపూలు, ఆకుపచ్చ తీగలు. మన కలంకారీ పనివాళ్లకు తెలిసిన విద్యే అది: పటిక, కరక్కాయ వంటి వాటితో రంగు పట్టించి, మైనంతో అడ్డుకట్ట వేసి, ఉతికి, మళ్లీ రంగు పట్టించే ఓపికైన చేతిపని. టిప్పు కన్నా ముందుతరంలో ఎవరో నేతగాళ్లు, అద్దకంవాళ్లు చేసిన ఆ డేరాను తర్వాతి కాలంలో కోట తోటలో విందులకు నీడగా వాడుకున్నారు.

క్లైవ్ కుటుంబం రెండు తరాల్లో కూడబెట్టిన ఇలాంటి వస్తువులు పోయిస్‌లో వెయ్యికి పైగా ఉన్నాయి. హెన్రియెట్టా స్వయంగా కత్తి పట్టలేదు, కోటగోడ ఎక్కలేదు. అయినా ఆ పంపకంలో ఆమెకు వాటా అందింది, ఆమె కాదనలేదు. ఆమె జిజ్ఞాసను మెచ్చుకునేటప్పుడు ఈ మాట కూడా చెప్పకపోతే మనం సగం చరిత్రే చెప్పినవాళ్లమవుతాం.

అన్న మరణం, రాసిన వీలునామా

1801 మార్చిలో తల్లీకూతుళ్లు ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. ఎడ్వర్డ్ 1803 దాకా మద్రాసులోనే ఉన్నాడు. వారు ఓడ ఎక్కేనాటికే అక్కడ ఇంకో సంగతి జరిగిపోయింది. జనవరిలో అన్న జార్జి పెళ్లి కాకుండానే కన్నుమూశాడు. ఆ కబురు రెండు నెలల్లో మద్రాసు చేరే వీలు లేదు. ఏళ్లుగా తను ఎవరికి కథలు కథలుగా ఉత్తరాలు రాసిందో ఆ మనిషి లేని దేశానికి ఆమె ప్రయాణం కట్టింది.

జార్జితో పోయిస్ ఎర్ల్ బిరుదు అంతరించింది. తోబుట్టువు బతికే ఉంది, కానీ బిరుదు ఆమెకు రాదు. ఎస్టేటు కూడా ఆమెకు రాలేదు. జార్జి దాన్ని మేనల్లుడు ఎడ్వర్డ్‌కు, అంటే హెన్రియెట్టా పెద్దకొడుక్కి, ఒక షరతుతో రాశాడు: అతను క్లైవ్ పేరు వదిలి హెర్బర్ట్ పేరు పెట్టుకోవాలి. మన ఇళ్లలో మేనమామకు దత్తు వెళ్లిన పిల్లవాడి ఇంటిపేరు మారినట్టే ఇదీ. 1807లో రాజానుమతితో అతను ఎడ్వర్డ్ హెర్బర్ట్ అయ్యాడు.

బిరుదు సంగతి 1804లోనే తేలింది. పోయిస్ ఎర్ల్ బిరుదును ప్రభుత్వం మళ్లీ కొత్తగా సృష్టించి, మద్రాసు నుంచి తిరిగొచ్చిన హెన్రియెట్టా భర్తకు ఇచ్చింది. దానితో ఆమె పోయిస్ కౌంటెస్ అయింది. తన తాతముత్తాతల కోట పేరు తనకు భర్త ద్వారా తిరిగి వచ్చింది.

ఒక్కసారి వరస చూడండి. బార్బరాకు రక్తసంబంధం ఉంది, ఆస్తి ఆమెను చేసుకోబోయేవాడికి పోయింది. హెన్రియెట్టాకు రక్తసంబంధం ఉంది, బిరుదు భర్తకు, ఎస్టేటు కొడుక్కి పోయాయి. ఆమె పుట్టిన ఓక్లీ పార్క్‌ను తండ్రి అమ్మితే మామ కొన్నాడు, చివరికి అది ఆమె చిన్నకొడుకు రాబర్ట్ హెన్రీకి దక్కింది. ప్రతి మలుపులోనూ ఆస్తి ఈ స్త్రీల మీదుగానే నడిచింది, ఒక్క మలుపులోనూ వారి చేతిలో ఆగలేదు. జార్జియన్ కాలపు కులీన కుటుంబం నిలబడిన తీరు ఇది.

రాళ్లు, పూలు, పిల్లలు

తన పేరు మీద ఉండని ఆస్తుల మధ్య హెన్రియెట్టా తనదంటూ ఒకటి కూర్చుకుంది: ఖనిజాలు. భారతదేశంలో మొదలైన రాళ్ల మీది మోజు ఇంటికి తిరిగొచ్చాక సిసలైన అధ్యయనమైంది. ఎక్కడెక్కడి నమూనాలో తెప్పించుకుంది. వాటికి పట్టికలు రాయించి వరుసలో పెట్టింది. ఖనిజాల బొమ్మలతో గ్రంథాలు తెచ్చిన జేమ్స్ సోవర్బీ వంటివారితో పరిచయం పెంచుకుంది. శాస్త్రసంఘాలు స్త్రీలను సభ్యులుగా చేర్చుకోని కాలమది. ఆమె సేకరణ 1929లో వేల్స్ జాతీయ మ్యూజియానికి చేరింది. అక్కడ అది కౌంటెస్ ఆఫ్ పోయిస్ సేకరణగా, ఆమె సొంత శ్రమకు దక్కిన గుర్తింపుగా ఉంది.

పిల్లల్లో పెద్దమ్మాయి 1817లో ఉత్తర వేల్స్‌లో పేరుమోసిన భూస్వామి సర్ వాట్కిన్ విలియమ్స్ విన్‌ను పెళ్లాడింది. షార్లెట్ అదే ఏడాది పెళ్లాడిన హ్యూ పెర్సీ కొద్దినెలలకే నార్తంబర్లాండ్ డ్యూక్ అయ్యాడు. మైసూరు దారుల్లో దినచర్య రాసిన ఆ పిల్ల 1831లో రాకుమారి విక్టోరియాకు అధికారిక గవర్నెస్ అయింది. రాణి కాబోయే అమ్మాయిని అందరికీ దూరంగా తన గుప్పిట్లో ఉంచుకోవాలని చూసిన తల్లి కెంట్ డచెస్‌తో పొసగక, ఆ పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. తల్లిలాగే షార్లెట్‌కూ మొక్కలంటే ప్రాణం. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక నారింజరంగు పూల మొక్క ఇంగ్లండులో మొదటిసారి లండన్ పక్కన ఆమె సయన్ హౌస్ తోటలో పూసింది. 1828లో వృక్షశాస్త్రవేత్త జాన్ లిండ్లీ ఆమె పుట్టింటి పేరు మీద దానికి క్లైవియా అని పేరు పెట్టాడు. నీలగిరి, బెంగుళూరు నర్సరీల్లో నేడు అమ్మే క్లైవియా అదే కుటుంబపు మొక్క.

చిన్నకొడుకు రాబర్ట్ హెన్రీ భార్య హ్యారియెట్ విషయంలో మాత్రం వరస మారింది. ఆమె పుట్టింటి విండ్సర్ బ్యారనీ కూతుళ్లకూ సంక్రమించగల పాతకాలపు బిరుదు. భర్త పోయిన తర్వాత 1855లో అది ఆమెకే, ఆమె పేరు మీదే వచ్చింది. అత్తకూ, అత్తగారి తల్లికీ దక్కనిది కోడలికి దక్కింది.

హెన్రియెట్టా 1830 జూన్ 3న వాల్కాట్‌లో చనిపోయింది. భర్త మరో తొమ్మిదేళ్లు బతికాడు. ఎనభై ఏళ్ల వయసులో కూడా పొద్దున్నే ఆరింటికి చొక్కా చేతులు మడుచుకుని తోటలో తవ్వుతూ కనిపించేవాడని చెబుతారు. కడప, నెల్లూరు సీమల శిస్తును కంపెనీకి మళ్లించిన ప్రభుత్వానికి పెద్ద అతనే.

హెన్రియెట్టాను చట్టం చిన్నచూపు చూసిన స్త్రీగా మాత్రమే చెప్పుకుంటే టిప్పు సింహాసనం నుంచి ఊడబెరికిన పులితల మన లెక్కలోంచి జారిపోతుంది. కొల్లసొమ్ము అనుభవించిన దొరసానిగా మాత్రమే చెప్పుకుంటే, మగవాళ్లు రాసిన సర్కారీ నివేదికలకు అందని దక్షిణదేశాన్ని చూసిన కళ్లు మనకు దక్కకుండా పోతాయి. మన నేల సంపద వెళ్లి ఏ ఇళ్లను నిలబెట్టిందో, ఆ ఇళ్లలో ఎవరికి ఏ హక్కు ఉందో, ఎవరికి లేదో తెలుసుకోవడం మన చరిత్రలో భాగమే. రాజ్యాలు గెలిచిన కుటుంబం తన ఇంటి ఆడవాళ్లకు ఒక ఎకరం రాయడానికి వెనకాడిందంటే, ఆ కుటుంబం మన రైతుకు రాసిచ్చిన పట్టాను ఎంత జాగ్రత్తగా చదవాలో మనకు అర్థం కావాలి.

ఆ పట్టాల కథే వచ్చే భాగం. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో రావడం, పాలెగాళ్లను అణచడం, పొలం పొలం కొలిచి శిస్తు కట్టడం: 1800 నుంచి 1807 దాకా రాయలసీమ చూసిన ఏడేళ్లు.